అంతర్జాల ప్రేక్షకగోష్ఠి : అల్పవ్యయ భయానకచిత్రముల రససిద్ధి

ఒక చలనచిత్రమును పలువురు మిత్రులు వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశములలో, తమ తమ యిండ్లయందే యుండి, ఇంటర్నెట్ సహాయమున ఒకే క్షణమున చూచుచు, చూచుచున్నంతసేపును పరస్పరము మాటలాడుకొనుట నేడు బహుళముగ కానవచ్చు వినోదము. దీనిని ఆంగ్లమున ‘వాచ్ పార్టీ’ యందురు. ఈ వ్యాసమున మేము దీనిని ‘ప్రేక్షకగోష్ఠి’ యని వ్యవహరింతుము. ఇట్టి గోష్ఠులకు ఎన్నుకొనబడు చిత్రములలో అల్పవ్యయముతో తీయబడిన భయానకచిత్రములకు ప్రత్యేకస్థానము కలదు. ఉత్తమచిత్రములు వేలకొలది లభ్యములై యుండగా, అట్టతో చేసిన సమాధులు కదలాడు చిత్రమును కోరి చూచుట యేల? ఒంటరిగ చూచినచో పది నిమిషములకే విసుగు పుట్టించు చిత్రము పదిమందితో చూచినపుడు అర్ధరాత్రి దాక కూర్చుండబెట్టుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు సమాధానము చిత్రమునందు గాక చూచువారియందు కలదనియు, దానికి తగిన పరిభాషను భరతాదులు పూర్వమే కల్పించియుండిరనియు, ఐనను అట్టి గోష్ఠి నవ్వుతో మాత్రమే పూర్ణము కానేరదనియు నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

1. బి-చిత్రము, కల్ట్ చిత్రము

మొదట పరిభాషను నిర్ణయింపవలసి యున్నది. ‘బి-చిత్రము’ అను పేరు గుణమును బట్టి వచ్చినది కాదు. వ్యాపారమును బట్టి వచ్చినది. 1929 తరువాత అమెరికాను ఆవరించిన ఆర్థికమాంద్యమున ప్రేక్షకులు తగ్గిపోగా, అచ్చటి ప్రదర్శనశాలలవారు ఒకే టిక్కెట్టుపై రెండు చిత్రములు చూపు పద్ధతిని అవలంబించిరి. అందు ప్రధానమైనది ‘ఎ’. దానికి తోడుగ వచ్చునది ‘బి’. ‘ఎ’ చిత్రమునకు వసూళ్లలో భాగము ముట్టుచుండగా, ‘బి’ చిత్రమునకు నిర్ణీతమైన అద్దె మాత్రమే లభించుచుండెను. ఎంత బాగుగ తీసినను ఆదాయము పెరుగునది కాదు కనుక నిర్మాతలు వ్యయమును, కాలమును తగ్గించుటయందే దృష్టి నిలిపిరి. ఇతర చిత్రములకై కట్టిన సెట్టులలోనే, కొలది దినములలో, గంటకు కొంచెము మించిన నిడివితో అట్టి చిత్రములు ముగింపబడుచుండెను.

1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు వలన, స్టూడియోలు తమ చిత్రములను గంపగుత్తగ శాలలకు అంటగట్టు పద్ధతి అంతరించెను. టెలివిజన్ కూడ వ్యాపించుటతో పాతరీతి బి-చిత్రము క్షీణించినది. కాని పేరు నిలిచినది. కారులలో కూర్చుండియే చూచు డ్రైవ్-ఇన్ శాలలను, వానికి వచ్చు యువజనమును ఉద్దేశించి 1950 తరువాత తీయబడిన చవుకచిత్రములకు ఆ పేరే అన్వయించెను. నిర్మాతలు బొమ్మలోని లోపమును శాలలో పూరించు ఉపాయములనుగూడ పన్నిరి. విలియమ్ కాసిల్ 1959లో ‘హౌస్ ఆన్ హాంటెడ్ హిల్’ చిత్రమునకు ప్రేక్షకుల తలలమీదుగ అస్థిపంజరమును తీగపై నడిపించెను; అదే సంవత్సరము ‘ది టింగ్లర్’ చిత్రమునకు కొన్ని కుర్చీలక్రింద చిన్న మోటారులు అమర్చి, తగిన ఘట్టమున వానిని అదరునట్లు చేసెను. భయము తెరపై మాత్రమే కాక సభలోనుండియు పుట్టింపవచ్చునని అతడు గ్రహించెననుటకు ఇది నిదర్శనము.

‘కల్ట్ చిత్రము’ దీనికి భిన్నమైన భావన. ఇది నిర్మాత ఇచ్చిన పేరు కాదు. ప్రేక్షకుల ప్రవర్తనవలన సిద్ధించిన పేరు. విడుదలైననాడు ఆదరింపబడని చిత్రమును కొలదిమంది మరల మరల చూచి, సంభాషణలను కంఠస్థము చేసి, దానిచుట్టు ఒక ఆచారమును కల్పించుకొందురు. 1975లో విడుదలైన ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ మొదట ఆదరణ పొందలేదు. 1976లో న్యూయార్కు నగరమున వేవర్లీ శాలలో అర్ధరాత్రి ప్రదర్శనలు మొదలైన పిదప, ప్రేక్షకులు పాత్రల వేషములు ధరించి వచ్చుట, తెరపైని మాటకు ఎదురుమాట కేకవేయుట ఆచారమైనవి. చిత్రము మారలేదు, సభ మారినది.

తెలుగుచిత్రముల పంపిణీవ్యవస్థ వేరగుటచే ‘బి-చిత్రము’ అను విభాగము మనకు యథాతథముగ అన్వయింపదు. కాని బి. విఠలాచార్య జానపదచిత్రములలోని అస్థిపంజరములను, మాంత్రికులను, ‘జగన్మోహిని’ (1978) వంటి చిత్రములలోని దయ్యములను చూచి బాల్యమున వణికినవారే పెద్దవారైన పిమ్మట వానినే చూచి నవ్వుచు, ఐనను తెర విడిచి లేవలేకపోవుట మన యనుభవమునకు దూరమైనది కాదు.

2. తెరకును సభకును నడుమ నిలుచు వ్యాఖ్యాత

ప్రేక్షకగోష్ఠికి పూర్వరూపములు ఇంటర్నెట్‌కంటె మిక్కిలి ప్రాచీనములు. 1954లో లాస్ ఏంజెలిస్ నగరమున కె.ఎ.బి.సి. టెలివిజన్ కేంద్రము మైలా నుర్మి అను నటిని ‘వాంపైరా’ యను పాత్రగ ప్రవేశపెట్టెను. ఆమె నల్లని వస్త్రములతో పొగమంచునుండి వెలువడి, కెవ్వున కేకవేసి, ఆ రాత్రి చూపబోవు పాత భయానకచిత్రమును పరిచయము చేయుచు, నడుమ నడుమ దానిని ఎగతాళి చేయుచుండెను. 1957లో యూనివర్సల్ సంస్థ పాతచిత్రములు 52 ఒక మూటగ టెలివిజన్ కేంద్రములకు విడుదల కాగా, ఊరూర ఇట్టి వ్యాఖ్యాతలు బయలుదేరిరి. ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ వారిలో ప్రసిద్ధుడు. 1988లో మినియాపొలిస్ నగరమున జోయెల్ హాడ్గ్సన్ ప్రారంభించిన ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ ఈ పద్ధతిని మరియొక మెట్టు పైకి తెచ్చినది. అందు ఒక మనుష్యుడును, రెండు యంత్రపు బొమ్మలును తెరముందరి వరుసలో కూర్చున్నట్లు వారి నీడలు కానవచ్చును. చిత్రము నడచుచుండగనే వారు వ్యాఖ్యానించుచుందురు. టెక్సాసు రాష్ట్రమున ఎల్ పాసోలో ఎరువుల వ్యాపారి యొకడు తీసిన ‘మానోస్ : ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్’ (1966) అను చిత్రము మరుగునపడి యుండగా, 1993లో ఈ కార్యక్రమమున చూపబడిన తరువాతనే లోకమునకు తెలిసినది.

ఈ వ్యాఖ్యాతను చూచినపుడు తెలుగు పాఠకునకు తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు స్ఫురింపక మానరు. రామాయణకథ గంభీరముగ నడచుచుండగ వీరు నడుమ వచ్చి, కథతో పొత్తులేని ముచ్చటలతో ప్రేక్షకులను నవ్వించి పోవుదురు. బుర్రకథలో కథకునకు ఒక ప్రక్కనున్న హాస్యపు వంతయు ఇట్టివాడే. ఒకదాని ప్రభావము మరియొకదానిపై కలదని మేము చెప్పుట లేదు. ప్రయోజనము సమానమని మాత్రమే మా యభిప్రాయము. ఆ ప్రయోజన మెట్టిదన: తెల్లవార్లు కూర్చుండవలసిన సభకు కథలోనుండి వెలికి వచ్చుటకును, మరల లోనికి పోవుటకును ఒక ద్వారము కావలెను. హాస్యగాడు ఆ ద్వారపాలకుడు. ప్రేక్షకగోష్ఠియందు ఈ పని ఒక్కనిది కాక అందరిదియు నగును. అందుచేతనే దానికి నిర్వాహకు డవసర మగుచున్నాడు.

3. ఏకకాలత

2020 మార్చి నెలలో కోవిడ్ మహమ్మారి వలన లోకమంతటను ప్రదర్శనశాలలు మూతపడెను. భారతదేశమున ఆ నెల 25వ తేదీనుండి జనసంచారము నిషేధింపబడెను. అంతకుముందే యున్న ‘నెట్‌ఫ్లిక్స్ పార్టీ’ యను ఉపకరణము (అదే సంవత్సరము ‘టెలిపార్టీ’ యని నామాంతరము పొందినది) ఆ దినములలో విశేషవ్యాప్తి చెందినది. వ్యాధిభయము తగ్గి శాలలు తెరచిన పిదప గూడ ఈ యలవాటు పోలేదు. కారణము స్పష్టము. శాలలు తెరచినను, చెల్లాచెదరైన మిత్రులు ఒక ఊరికి తిరిగి రాలేదు.

ఈ గోష్ఠులు నడచు పద్ధతులు ముఖ్యముగ రెండు. మొదటిది స్క్రీన్ షేరింగ్. నిర్వాహకుడు తన కంప్యూటరులో చిత్రమును నడుపగా, ఆ బొమ్మయే తక్కినవారికి ప్రసారమగును. ఇది సులభము, కాని బొమ్మ మసక బారుట, మాట తెగుట కలదు. చందా సంస్థల రక్షితచిత్రములను ఇట్లు పంపబూనినచో పలుమారు బొమ్మకు మారుగ నల్లని తెర మాత్రమే కానవచ్చును. రెండవ పద్ధతిలో ప్రతివాడును తన ప్రతిని తానే నడుపుకొనును. ‘టెలిపార్టీ’, ‘సింక్‌ప్లే’ మున్నగు ఉపకరణములు బొమ్మను పంపవు. “నడుపుము”, “నిలుపుము”, “ఇన్నవ నిమిషమునకు పొమ్ము” అను ఆజ్ఞలను మాత్రమే అందరికి చేర్చును. ఆజ్ఞలు మిక్కిలి చిన్నవగుటచే త్వరగ చేరును. బొమ్మయు నిర్మలముగ నుండును. కాని ప్రతివానికిని చిత్రము స్వయముగ లభ్యమై యుండవలెను.

ఏకకాలతపై ఇంత పట్టుదల యెందులకని అడుగవచ్చును. కాంతి గాజుతీగలో సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి న్యూయార్కు సుమారు 13,000 కిలోమీటర్ల దూరము. కనుక ఒక మాట పోయి ప్రత్యుత్తరము వచ్చుటకు సెకనులో ఎనిమిదవ వంతు తప్పదు. కేబుళ్లు తిన్నని దారిన పోవు గనుక వాస్తవమున అంతకు మించును. ఈ జాగు మాటలకు బాధకము కాదు. బొమ్మకు పట్టు జాగు వేరు; ప్రత్యక్షప్రసారపద్ధతిని బట్టి అది కొలది సెకనులనుండి అరనిమిషము వరకు నుండవచ్చును. మాట ముందు వచ్చి బొమ్మ వెనుక వచ్చినచో జరుగునదేమి? ఒకడు “అమ్మో” యనును; తక్కినవారి తెరపై తలుపింకను మూయబడియే యుండును. కేక దయ్యముకంటె ముందు వచ్చినచో భయము చచ్చును. నవ్వు కారణముకంటె ముందు వచ్చినచో నవ్వువాడు వెఱ్ఱివానివలె తోచును. భావములు ఒకరినుండి ఒకరికి వ్యాపించుటకు హేతువు ఒక్కటే క్షణమున అందరికి ఎదురుపడవలెను. సభయన చోటు ఒక్కటగుట కాదు, కాల మొక్కటగుట యని ఈ గోష్ఠులు మనకు నేర్పుచున్నవి.

4. నిర్వాహకధర్మములు

నిర్వాహకుడు సూత్రధారునివంటివాడు. అతని ధర్మములను క్లుప్తముగ పేర్కొందుము.

కాలనిర్ణయము మొదటిది. హైదరాబాదున శనివారము రాత్రి 9-30 గంటలైనపుడు, వేసవిలో, లండనున సాయంకాలము 5 గంటలు, న్యూయార్కున నడిమధ్యాహ్నము. అనగా సభలో ఒక భాగమునకు చీకటియు, మరియొక భాగమునకు మండుటెండయు నుండును. భయానకమునకు చీకటి యుద్దీపనము. పగటివారు కిటికీతెరలు దించి దీపము లార్పుట మర్యాదగ ఏర్పరుపవలెను. శీతకాలమున ఆ దేశములవారు గడియారములు ఒక గంట వెనుకకు త్రిప్పుదురు గనుక ఆహ్వానములో ప్రతివారికి వారి స్థానికకాలమునే వ్రాయుట మంచిది.

సంఖ్యానిర్ణయము రెండవది. శాలలో నూరుగురు ఒక్కమారు నవ్వవచ్చును. ఇంటర్నెట్ సంభాషణలో అట్లు కాదు. ఒక్కమారు పలువురు నవ్వినచో యంత్రము దానిని రొదగ భావించి అణచివేయుట కలదు. ఐదుగురు మొదలు ఎనమండుగురు వరకు తగుదురని మా యనుభవము. అందరును హెడ్‌ఫోనులు ధరింపవలెను. లేనిచో ఒకని చిత్రశబ్దము మైకుద్వారా తక్కినవారికి ప్రతిధ్వనిగ చేరును. చిత్రము నడచునపుడు వ్యాఖ్యలు వ్రాతలోను, విరామమునను చివరను నోటిమాటగను జరిగినచో సంభాషణలు చెడవు.

చిత్రనిర్ణయము మూడవది, ముఖ్యమైనది. నిర్వాహకుడు చిత్రమును తాను ముందుగ పూర్తిగ చూడవలెను. అందలి హింస, బీభత్సము ఎట్టివో సభ్యులకు ముందే సూచింపవలెను. ఇటీవల ఇంట మృత్యువు సంభవించినవానికి శ్మశానదృశ్యము వినోదము కాదు. చిత్రము 70 మొదలు 100 నిమిషముల లోపుది యగుట మేలు. హక్కులను గూడ విచారింపవలెను. భారతదేశమున 1957 నాటి కాపీరైట్ చట్టము ననుసరించి చలనచిత్రముపై హక్కు విడుదలయైన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు నిలుచును; ఇతరదేశముల నియమములు వేరు. స్నేహము పేర చౌర్యము తగదు.

5. లేమి మూడు విధములు

అల్పవ్యయచిత్రములన్నియు ఒక్కతీరువి కావు. ధనలేమి కళలో మూడు విధముల పరిణమించునని మాకు తోచినది. మూడింటికి మూడు ఉదాహరణములు చూపుదుము. వీనిని ఈ క్రమముననే మూడు వారములు చూచుట గోష్ఠికి మంచి యారంభము కాగలదు.

మొదటిది లేమి ధ్వనియగుట. 1942లో ఆర్.కె.ఓ. సంస్థకై వాల్ లూటన్ నిర్మించి, జాక్ టర్నర్ దర్శకత్వము వహించిన ‘క్యాట్ పీపుల్’ (73 నిమిషములు) ఇందులకు లక్ష్యము. స్త్రీ యొకతె చిరుతపులిగ మారునను కథ. ఆ మార్పును నమ్మదగినట్లు చూపుటకు ధనము లేదు. కనుక వారు దాదాపు చూపనే లేదు. ఈతకొలనిలో ఒంటరిగ నున్న స్త్రీ, గోడలపై కదలు నీటి వెలుగు, ఒక నీడ, ఒక గుర్రుమను ధ్వని, అంతియే. మరియొక ఘట్టమున నిర్మానుష్యమైన వీథిలో అడుగుల చప్పుడు ఆగిపోగా, మృగము దుమికినట్లు వినవచ్చిన బుస తీరా బస్సు ఆగిన శబ్దమగును. చెప్పినదానికంటె చెప్పనిదే బలీయమను ధ్వనివాదుల సిద్ధాంతమునకు ఇంతకు మించిన దృశ్యోదాహరణము అరుదు.

రెండవది లేమి హాస్యమగుట. ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ (79 నిమిషములు) ఇందులకు లక్ష్యము. ఇది 1957లో మొదట ప్రదర్శితమై, 1959లో విడుదలయైనది. ‘డ్రాక్యులా’ (1931) నటుడు బేలా లుగోసీ 1956 ఆగస్టులో మరణించెను. అతనిపై అంతకుముందు తీసియుంచిన కొలది దృశ్యములను వుడ్ ఇందు వాడుకొనెను. మిగిలిన దృశ్యములలో తన భార్యకు వెన్నునొప్పి వైద్యము చేయు నొకనిని, ముఖమునకు అంగరఖా అడ్డము పట్టించి, నడిపించెను. అతడు లుగోసీకంటె పొడవరి. పోలిక ఏమియు లేదు. ఒకే సన్నివేశమున పగలు రాత్రియగును, రాత్రి పగలగును. సమాధులు కాలు తగిలినచో ఊగును. పూర్వోక్తయైన వాంపైరా సయితము ఇందు మాటలేని ప్రేతముగ కానవచ్చును. 1980లో వెలువడిన ఒక హాస్యగ్రంథము దీనిని లోకములోని చిత్రములన్నిటిలో నికృష్టమైనదిగ ప్రకటించుటతో దీనికి శాశ్వతకీర్తి లభించినది.

ఇచ్చట నవ్వు ఎట్లు పుట్టినది? అభినవగుప్తుడు హాస్యవిచారమున ఒక విశేషము చెప్పియున్నాడు. రసములన్నిటి ఆభాసములును హాస్యమునకే దారితీయును. అనౌచిత్యమే హాస్యమునకు విభావమగును. వుడ్ భయానకమునే ఉద్దేశించెను. ఔచిత్యము లోపించుటచే అది భయానకాభాసమై, హాస్యముగ పరిణమించెను. నవ్వింపవలెనని బుద్ధిపూర్వకముగ చెడుగ తీసిన చిత్రములు ఇట్లు నవ్వింపలేకపోవుటకు కారణ మిదియే. వానియందు ఆభాసము లేదు; ఆభాసమునకు అనుకరణము మాత్రమే కలదు. వుడ్ నమ్మకము నిజమైనది. అందుచే మన నవ్వునకు ఒక హద్దు కూడ కలదు. అతడు 1978 డిసెంబరులో, నిలువనీడ కోల్పోయిన కొలదిదినములకే, తన 54వ యేట మరణించెను. తన చిత్రమునకు రాబోవు కీర్తిని చూడలేదు. ఊగు సమాధిని చూచి నవ్వుట వేరు. ఊగు సమాధితోనైనను కథ చెప్పవలెనని తపించినవానిని చూచి నవ్వుట వేరు. ఈ భేదమును గోష్ఠిలో నిలుపుట నిర్వాహకుని సంస్కారముపై నాధారపడును.

మూడవది లేమి సత్యమగుట. జార్జి రొమేరో 1968లో విడుదల చేసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (96 నిమిషములు) ఇందులకు లక్ష్యము. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఇవాన్స్ సిటీ పరిసరములలో సుమారు 1,14,000 డాలర్ల వ్యయముతో, నలుపు తెలుపులలో తీయబడినది. నెత్తురునకు చాకొలెట్ పాకము, మాంసమునకు కసాయి దుకాణపు సరుకు వాడిరి. చిత్రము పేరు మార్చు సందడిలో తెరపై హక్కుల ప్రకటన జారిపోవుటచే, ఆనాటి అమెరికా చట్టము ననుసరించి, ఇది విడుదలతోనే ప్రజల సొత్తయ్యెను. నిర్మాతలకు నష్టమైన ఆ పొరపాటే చిత్రము ఎల్లెడల వ్యాపించుటకును, నేడు గోష్ఠులలో దీని పేరు తరచు వినబడుటకును తోడ్పడినది. మసక బొమ్మలు, తెలియని నటులు, వార్తాచిత్రమువంటి ఛాయాగ్రహణము. లోపములనదగిన ఇవన్నియు దీనికి నమ్మదగినతనమును సమకూర్చినవి.

6. సిద్ధియు మౌనమును

భరతుని నాట్యశాస్త్రమున 27వ అధ్యాయము ప్రయోగసిద్ధిని విచారించును. రససిద్ధాంతమునకు లభించినంత ప్రచారము ఈ యధ్యాయమునకు లభించలేదు. కాని ప్రేక్షకగోష్ఠికి ఇదియే లక్షణగ్రంథమనదగును. ప్రయోగము ఫలించెనని తెలియుట యెట్లు? భరతుడు నటునివంక గాక సభవంక చూచును. సిద్ధి మానుషియనియు, దైవికియనియు రెండు విధములు. మానుషి వాఙ్మయి, శారీరి యని మరల రెండు విధములు. చిరునవ్వు, సగము నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’, ‘అహో’, ‘కష్టము’ అను పలుకులు, పెద్ద కోలాహలము వాఙ్మయి. ఒడలు గగుర్పొడుచుట, ఆసనమునుండి లేచుట, వస్త్రములు, ఉంగరములు విసరుట శారీరి. నేటి గోష్ఠిలో వ్రాతపెట్టెయందు వరుసగ పడు నవ్వుబొమ్మలును, “అయ్యో”, “వెనుక చూడు” అను కేకలును వాఙ్మయిసిద్ధికి నూతనరూపములు.

ఉత్తమప్రేక్షకుడు పాత్ర తుష్టిచెందినపుడు తుష్టిని, శోకించినపుడు శోకమును, భయపడినపుడు భయమును పొందునని ఆ యధ్యాయమే చెప్పుచున్నది. కాని ప్రేక్షకగుణములన్నియు ఒక్కనియందే యుండుట దుర్లభమని కూడ భరతు డంగీకరించెను. మా ప్రథమప్రశ్నకు సమాధాన మిచ్చట దొరకుచున్నది. ఒకడు భయపడుటలో దిట్ట. ఒకడు లోపము పట్టుటలో. ఒకడు కథను మన్నించుటలో. ఒంటరి ప్రేక్షకుడు ఈ గుణములలో ఒకటి రెంటితో మాత్రమే చిత్రము ముందు కూర్చుండును. చిత్రము బలహీనమైనచో అవి చాలవు. గోష్ఠిలో ఒకని లోటు మరియొకడు పూరించును. చిత్రము సగముగ విడిచినదానిని సభ పూర్తిచేయును.

ఇక దైవికి. ఎచ్చట శబ్దము లేదో, క్షోభ లేదో, ఉత్పాతము లేదో, రంగము నిండియుండునో అది దైవికిసిద్ధి యని భరతుని నిర్వచనము. నవ్వుకంటెను కేకకంటెను మౌనమునే అతడు పై మెట్టున నిలిపెనని మేము గ్రహించుచున్నాము.

ఒకనాడు మేమును మిత్రులు ఆరుగురును రొమేరో చిత్రమును చూచితిమి. మొదటి అరగంట హాస్యముతో గడచినది. నడచివచ్చు శవముల అంగవిన్యాసమునకు, నాయిక పడిపోవు తీరునకు వ్రాతపెట్టె నవ్వులతో నిండెను. క్రమముగ నవ్వులు తగ్గినవి. ఆ యింట చిక్కినవారిలో వివేకి బెన్ అను నల్లజాతి యువకుడు. ఆ పాత్రను డ్యుయేన్ జోన్స్ ధరించెను. శవములతో రాత్రియంతయు పోరాడి అతడొక్కడే మిగులును. తెల్లవారును, తుపాకులతో రక్షకులు వత్తురు. అలికిడి విని కిటికీకడకు వచ్చిన అతనిని శవమని తలచి దూరమునుండియే కాల్చివేయుదురు. పిమ్మట వార్తాపత్రికల బొమ్మలవలె నిశ్చలచిత్రములు. అతని దేహమును కొక్కెములతో ఈడ్చి మంటకు చేర్చుట. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఆరునెలలకే, 1968 అక్టోబరున, అమెరికా ప్రజలు ఈ ముగింపును చూచిరి. చవుకచిత్రమని నవ్వుచు కూర్చున్న మాకును అచ్చట నవ్వు ఆగిపోయినది. ఎవరును మాటలాడలేదు, ఎవరును వ్రాయలేదు. చాలసేపటికి ఒక మిత్రుడు, “ఒరేయ్, ఉన్నారా అందరూ? లైను పోయిందా?” అని అడిగెను. లైను పోలేదు. అందరు నుండిరి.

ఆ ప్రశ్నయే ఈ నూతనసభకుగల నిజమైన చిక్కును తెలుపుచున్నది. శాలలో మౌనము వినబడును. ప్రక్కవాని ఊపిరి, కుర్చీ కదలమి, ఎవరును లేవకుండుట దానిని చాటును. ఇంటర్నెట్‌లో మౌనమునకును లేమికిని భేదము తెలియదు. రసమున మునిగినవాడును, నిదురించినవాడును, లైను తెగినవాడును ఒక్కతీరుగనే యుందురు. అందుచేతనే ఈ గోష్ఠులయందు ప్రతివాడును తాను కలనని చాటుటకు ఎడతెగక మాటలాడుచుండును. గోష్ఠులు కేవలహాస్యముననే నిలిచిపోవుటకు ఇది ముఖ్యకారణము. వాతాగ్నివర్షములను దైవికఘాతములుగను, అసూయతో పేడ, మట్టిగడ్డలు విసరువారిని పరకృతఘాతములుగను భరతుడు లెక్కించెను. వానికి తోడు మౌనభయమను ఒక నూతనఘాతమును మన మిపుడు చేర్చుకొనవలసి యున్నది.

దీనికి మేము కనుగొనిన ఉపాయము మిక్కిలి చిన్నది. చిత్రారంభముననే నిర్వాహకుడు ఇట్లు చెప్పును: “చివరి పది నిమిషములు వ్రాతపెట్టె మూసివేయబడును. ముగిసిన పిదప మూడు నిమిషముల వరకు నేను పలుకరింపను. ఎవరును పలుకకపోయినను అందరును కలరనియే అందరును తలపవలెను.” ఈ యొడంబడిక ముందుగ నున్నచో మౌనము అనుమానమునకు తావీయదు, మరల సభదే యగును.

7. ఉపసంహారము

అల్పవ్యయ భయానకచిత్రములను మిత్రులతో కూడి చూచుట కాలక్షేపమాత్రమని తోచవచ్చును. కాని చిత్రము తక్కువయైనకొలది సభ చేయవలసిన పని హెచ్చును గనుక, ప్రేక్షకుడన నెవడు, సభయన నేమి యను ప్రశ్నలు మహాచిత్రములకంటె ఈ చిత్రములముందరనే స్పష్టముగ కానవచ్చుచున్నవి. లేమి ధ్వనియైనచోట వినుట, హాస్యమైనచోట కనికరముతో నవ్వుట, సత్యమైనచోట ఊరకుండుట. ఈ మూడును తెలిసినది మంచి గోష్ఠి. యంత్రము కాలమును ఒక్కటి చేయగలదు, నవ్వును చేరవేయగలదు. మౌనమును మాత్రము అది చేరవేయజాలదు. దానిని మిత్రులు ఒకరియందొకరు గల నమ్మకముచే నిలుపుకొనవలసినదే. దూరముననున్నవాడు పలుకకపోయినను కలడని నమ్ముట స్నేహమునకు పాతలక్షణము. ప్రేక్షకగోష్ఠికి దైవికిసిద్ధియు దానివలననే కలుగునని మా నిశ్చయము.